రూపాయి మీది రాజుగారి ఊరు: అమ్మతో శాండ్రింగ్‌హామ్

మా అమ్మ 2024 ఆగస్టు చివర విజిటర్ వీసా మీద కేంబ్రిడ్జ్ వచ్చింది. సూట్‌కేసు విప్పుతుంటే కందిపొడికీ గోంగూర పచ్చడికీ మధ్య, పాత చీర ముక్కలో చుట్టిన కుంకుమ భరిణె ఒకటి బయటపడింది. మూత తీస్తే లోపల కుంకుమ లేదు. 1917 నాటి వెండి రూపాయి ఉంది.

"ఇదెందుకు మోసుకొచ్చావమ్మా?" అన్నాను.

"దీపావళికి ఇక్కడే ఉంటాగా. లక్ష్మీదేవి దగ్గర పెట్టడానికి ఏదో ఒకటి ఉండద్దూ?" అంది.

అమ్మమ్మ దగ్గర్నుంచి అమ్మకి వచ్చిన రూపాయలు మూడు. ఒకదాని మీద ఏడో ఎడ్వర్డ్ ఉంటాడు. కిరీటం లేకుండా ఉత్త తలతో ఉంటాడు కాబట్టి మా ఇంట్లో దాన్ని గుండు రూపాయి అనేవాళ్లం. రెండోది గడ్డం, కిరీటం ఉన్న ఐదో జార్జి. మూడోది ఆయన కొడుకు ఆరో జార్జి. ప్రతి శ్రావణ శుక్రవారం వాటిని చింతపండుతో తోమి, పాలతో కడిగి, పసుపు కుంకుమ పెట్టేది అమ్మమ్మ. పూజగదిలో ఉన్నారు కాబట్టి చిన్నప్పుడు నేను వాళ్లూ ఎవరో దేవుళ్లే అనుకునేదాన్ని.

ఆ రాత్రి రూపాయిని చేతిలో పెట్టుకుని, అసలు ఈ గడ్డం ఆయన ఎక్కడ ఉండేవాడో అని ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాను. నాకు బకింగ్‌హామ్ ప్యాలెస్ ఒక్కటే తెలుసు. కానీ ఆయనకి ప్రపంచంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు నార్‌ఫోక్‌లో ఒక పల్లెటూరట, పేరు శాండ్రింగ్‌హామ్. 1936 జనవరి 20న అక్కడే పోయాడు. గుండు రూపాయి ఆయన పెళ్లి చేసుకుని కాపురం పెట్టింది ఆ ఊళ్లోనే. మూడో రూపాయి ఆయన పుట్టిందీ, 1952 ఫిబ్రవరి 6న నిద్రలో పోయిందీ అక్కడే. మా పూజగదిలోని ముగ్గురిదీ ఒకే ఊరు. అదీ మా ఇంటికి రైల్లో గంట, ఆ పైన కాస్త బస్సు దూరంలో. పొద్దున్నే అమ్మకి చెబితే, "అయితే వెళ్దాం. ఇన్నేళ్లు పూజ చేశాం, ఇల్లు చూడకపోతే ఎలా?" అంది.

వెళ్లాలనుకునేవాళ్లు ముందు తెలుసుకోవాల్సిన విషయం, ఆ ఇల్లు ఏడాది పొడవునా తెరిచి ఉండదు. వసంతం నుంచి అక్టోబర్ దాకా చూడనిస్తారు, చలికాలం మూసేస్తారు. టికెట్లు ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. ఇల్లూ తోటా కలిపి టికెట్ ఉంటుంది, తోట ఒక్కటే కావాలన్నా ఇస్తారు. నేను ఆదివారానికి తీసుకుని తప్పు చేశాను. ఆ రోజు పట్టాల పని ఉందని రైళ్లు సగం దూరమే నడిచాయి. మిగతా దారికి బస్సు అన్నారు, ఆ బస్సు ఎంతకీ రాలేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మని ప్లాట్‌ఫామ్ మీద గంటన్నర నిలబెట్టి, చివరికి వెనక్కి తీసుకొచ్చాను. రెండోసారి మామూలు పనిరోజు చూసుకుని సెలవు పెట్టాను. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ఆదివారం ప్రయాణం పెట్టుకోకండి.

కేంబ్రిడ్జ్ నుంచి కింగ్స్ లిన్‌కి రైలు మారక్కర్లేదు. ఏలీ స్టేషన్ దాటాక ఫెన్స్ అనే ప్రాంతం మొదలవుతుంది. ఒకప్పుడు చిత్తడి నేల. 17వ శతాబ్దంలో డచ్ ఇంజనీరు వెర్ముయిడెన్ కాలవలు తవ్వించి నీళ్లు తోడించాడు. ఇప్పుడు కంటికి ఆనినంత దూరం నల్లటి చదును పొలాలు, వాటి మధ్య తిన్నగా సాగే కాలవలు. అమ్మది తణుకు దగ్గర పల్లెటూరు. కిటికీ అద్దానికి ముఖం ఆనించి, "కొబ్బరి చెట్లు లేవు గానీ, ఇది మన డెల్టాయే" అంది. ఇంగ్లండ్ వచ్చిన మూడు వారాల్లో ఆవిడ ముఖం అంతగా విప్పారడం అదే మొదటిసారి.

కింగ్స్ లిన్‌లో దిగి, హన్‌స్టాంటన్ వైపు వెళ్లే బస్సు ఎక్కాం. శాండ్రింగ్‌హామ్ మీదుగా వెళ్తుందో లేదో డ్రైవర్ని అడిగి ఎక్కండి. అన్నీ ఆ దారిన పోవు. కాసేపటికి పొలాలు అయిపోయి పైన్ చెట్లు మొదలయ్యాయి, రోడ్డు పక్క మట్టి ఇసుకలా మారింది. డెర్సింగ్‌హామ్ అనే ఊరికి ఇసుక నేల ఉన్న భాగం కాబట్టి శాండ్రింగ్‌హామ్ అయిందట. మన ఇసుకపల్లి లాంటి పేరన్నమాట.

ఊరు ఎంత చిన్నదంటే, 2011 జనాభా లెక్కల్లో 437 మంది. మా అమ్మ వాళ్ల వీధిలోనే అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. ఇళ్లన్నీ ఆ ప్రాంతంలో దొరికే కార్‌స్టోన్ అనే రాయితో కట్టినవి, ముదురు బెల్లం రంగు. ఆ ఇళ్ల చుట్టూ ఉన్న ఎస్టేటు మాత్రం సుమారు 20,000 ఎకరాలు. అందులో పొలాలు, తోటలు, అడవి, ఇంకా చాలా పల్లెలు. ఏడో ఎడ్వర్డ్ ఇంకా యువరాజుగా ఉన్నప్పుడు, 1862లో 2,20,000 పౌండ్లకు కొన్నారు. ఉన్న ఇల్లు చాలక పడగొట్టి కట్టించిన కొత్త ఇల్లు 1870లో పూర్తయింది. ఇప్పుడు మనం చూసేది అదే.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బకింగ్‌హామ్ ప్యాలెస్ లాగా ఇది సింహాసనంతో పాటు వచ్చేది కాదు. రాజుగారి సొంత ఆస్తి. 1936లో ఎనిమిదో ఎడ్వర్డ్ గద్దె వదులుకుని వెళ్లిపోయినప్పుడు కిరీటం తమ్ముడికి వచ్చింది గానీ ఈ ఇల్లు రాలేదు. ఆరో జార్జి దీన్ని అన్న దగ్గర డబ్బిచ్చి కొనుక్కున్నాడు. అది విని అమ్మ, "రాజులకైనా అన్నదమ్ముల పంపకాలు తప్పవు" అని చాలాసేపు తల ఊపింది.

తోటలోంచి నడిచి ఇంటి ముందుకు వచ్చాం. ఎర్ర ఇటుకల పెద్ద భవనం, బోలెడు కిటికీలు, పైన పొగగొట్టాల వరస. చూడ్డానికి కోటలా లేదు. బాగా కలిగినవాళ్ల బంగళాలా ఉంది. లోపల కింది అంతస్తులో కొన్ని గదులు చూడనిస్తారు, ప్రతి గదిలోనూ వివరించేవాళ్లు ఉంటారు. వాళ్లని అడగండి, ఎంత ఓపిగ్గా చెబుతారో. మొదటి గది సలూన్. అందులో కుర్చీలాంటి తూకం యంత్రం ఒకటుంది. ఏడో ఎడ్వర్డ్ తన ఇంటికొచ్చిన అతిథుల్ని రాగానే ఒకసారి, వెళ్లేముందు ఒకసారి తూచేవాడట. తన ఇంట్లో బాగా తిని వెళ్తున్నారని నమ్మకం కోసం. అమ్మ వెంటనే తులాభారం అంది. నేను అది ఇంగ్లీషులో చెప్పలేక నానా అవస్థ పడితే, ఆ గదిలో ఉన్న పెద్దావిడ చేతులు రెండూ తక్కెడలా పెట్టి చూపించి, "ఇలానా?" అని అడిగింది. అమ్మ అవునంది. ఆ తర్వాత వాళ్లిద్దరికీ నేను అక్కర్లేకపోయింది.

భోజనాల గదిలో గోడలకి స్పెయిన్ రాజు ఇచ్చిన అల్లిక తెరలున్నాయి. అవి బాగున్నాయి గానీ, నేను ఆగిపోయింది బాల్‌రూమ్ పక్క నడవలో. ఆ గోడల నిండా కత్తులు, డాళ్లు, బరిసెలు. ఏడో ఎడ్వర్డ్ యువరాజుగా 1875-76లో ఇండియా తిరిగినప్పుడు మన సంస్థానాధీశులు ఇచ్చిన ఆయుధాలు. అప్పుడు హైదరాబాద్ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి తొమ్మిదేళ్లు. ఆయన బదులు దివాను సాలార్‌జంగ్ బొంబాయి వెళ్లి యువరాజుని కలిశాడు. ఆ గోడ మీద ఏది ఏ సంస్థానానిదో తెలుసుకోవాలని నేను ప్రతి పిడినీ దగ్గరగా చూస్తూ నడిచాను. వాడిన ఆయుధాలు కావవి, కానుక ఇవ్వడానికి చేయించినవి. పిడి మీద వేలి గోరంత చోటులో పువ్వు, ఆ పువ్వులో రేకులు, రేకుకి అంచు. చేసిన చేతుల పేరు ఎక్కడా లేదు. నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. మన వస్తువు పరాయి ఇంట్లో ఉందన్న బాధా, ఇంత పదిలంగా ఉంచారన్న తృప్తీ రెండూ కలిసి వచ్చాయి. ఏది ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేను.

తోటలో ఇంటికి ఉత్తరం వైపు నడుస్తుంటే అమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. ఎదురుగా బంగారు పూతతో కూర్చున్న ఒక విగ్రహం. చైనా నుంచి వచ్చింది. 1869లో అడ్మిరల్ కెప్పెల్ అనే నౌకాదళ అధికారి యువరాజుకి కానుకగా తెచ్చాడు. పేరు చదివి నేను నమ్మలేకపోయాను. కుబేరుడు! బౌద్ధుల కుబేరుడు. 1690 నాటి విగ్రహమట. "ఉత్తర దిక్కుకి అధిపతి ఆయనే కదే!" అని అమ్మ అక్కడే చెప్పులు విడిచి దణ్ణం పెట్టింది. ఆ గడ్డి మీద, సెప్టెంబర్ ఎండలో, నార్‌ఫోక్ పల్లెటూళ్లో మా అమ్మ కుబేరుడికి దణ్ణం పెట్టుకుంటున్న ఫొటో నా దగ్గరుంది. ఇంగ్లండ్‌లో నేను తీసిన ఫొటోలన్నిటిలో నాకు ఇష్టమైనది అదే.

తర్వాత చర్చికి వెళ్లాం. ఇంటికి దగ్గరే, నడక దూరం. సెయింట్ మేరీ మాగ్డలీన్ చర్చి, అదీ బెల్లం రంగు రాయే. బయట్నుంచి చూస్తే చిన్న పల్లెటూరి చర్చి. లోపల బలిపీఠం వెండిది, పాదిరిగారు నిలబడి మాట్లాడే వేదిక కూడా వెండిదే. అమెరికాకి చెందిన వానమేకర్ అనే కోటీశ్వరుడు ఇచ్చినవి. 1961లో డయానా ఈ ఎస్టేటులోనే పార్క్ హౌస్ అనే ఇంట్లో పుట్టి, ఈ చర్చిలోనే బాప్తిస్మం తీసుకుంది. డయానా పేరు వినగానే అమ్మ బెంచీ మీద కూర్చుని కాసేపు కళ్లు మూసుకుంది. ఆమె పోయిన రోజు మా వీధిలో ఆడవాళ్లంతా మా టీవీ ముందు కూర్చుని ఏడవడం నాకూ గుర్తుంది.

బయటికొచ్చి చర్చి పక్కనున్న సమాధుల మధ్య నడుస్తున్నాం. నేను వెతుకుతున్నది ఒక పిల్లవాడి సమాధి. అమ్మకి ముందు చెప్పలేదు. చెప్పాలో వద్దో తెలియలేదు.

ఐదో జార్జికి ఆఖరి కొడుకు, పేరు జాన్. 1905లో ఈ ఎస్టేటులోనే పుట్టాడు. నాలుగేళ్లప్పుడు మూర్ఛ మొదలైంది. పెద్దవుతున్నకొద్దీ ఎక్కువైంది. 1916-17 ప్రాంతంలో, అంటే మా రూపాయి అచ్చయిన రోజుల్లోనే, అతన్ని ఉల్ఫర్‌టన్ దగ్గర వుడ్ ఫామ్ అనే ఇంటికి మార్చారు. ఆయా లాలా బిల్ అతనితోనే ఉండి చూసుకుంది. అన్నలూ అక్కా ఒకచోట, ఇతను ఒకచోట. 1919 జనవరి 18న, 13 ఏళ్ల వయసులో, పెద్ద మూర్ఛ వచ్చి నిద్రలోనే పోయాడు. జనం కంటపడకుండా దాచారని కొందరు రాస్తారు. కాదు, ప్రశాంతంగా ఉంటాడనే అలా చేశారని ఇంకొందరు. నేను రెండు వైపులా చదివాను. దాచడం అనే మాట కఠినమే కావచ్చు. కానీ జబ్బు పిల్లాణ్ణి ఇంటి నుంచి వేరు చేశారన్నది మాత్రం నిజం.

సమాధి దొరికింది. దాని పక్కనే ఇంకో పసివాడి సమాధి, ఏడో ఎడ్వర్డ్ ఆఖరి బిడ్డది. 1871లో పుట్టి ఒక్క రోజు బతికాడు. అతని పేరులోనూ జాన్ ఉంది.

"ఈ పిల్లాడికి ఏమైంది?" అని అడిగింది అమ్మ.

"ఫిట్స్, అమ్మా."

అమ్మ ఇంకేమీ అడగలేదు. సంచీలోంచి భరిణె తీసి, రూపాయి బయటికి తీసి, దాని మీదున్న గడ్డం ఆయన ముఖాన్ని బొటనవేలితో నెమ్మదిగా రుద్దింది. "ఈయన కొడుకేనా?" అంది. అవునన్నాను.

మా చిన్న మావయ్య గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. అమ్మకి తమ్ముడు. అతనికి మూర్ఛ ఉండేది. వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు గుప్పిట్లో తాళంచెవులు పెట్టేవాళ్లు. అక్కలకి పెళ్లిచూపులైనప్పుడు అతన్ని వెనక పశువుల పాక దగ్గర కూర్చోబెట్టేవాళ్లు. ఇలాంటి పిల్లాడున్నాడని తెలిస్తే సంబంధాలు రావని భయం. పద్నాలుగేళ్లకి పోయాడు. మా అమ్మమ్మ ఇంట్లో గోడల మీద అందరి ఫొటోలూ ఉండేవి, అతనిది తప్ప. ఇదంతా నాకు పెద్దమ్మ చెప్పింది. అమ్మ నోటి నుంచి అతని పేరు నేను ఒక్కసారి కూడా వినలేదు.

ఆ సమాధి దగ్గర విన్నాను. "మా పెళ్లిచూపుల రోజు వాడికి అన్నం నేనే పట్టుకెళ్లాను. గేదె పక్కన కూర్చుని తిన్నాడు. 'అక్కా, వాళ్లు వెళ్లిపోయారా, ఇంక లోపలికి రావచ్చా?' అని అడిగాడు" అంది. అంతే చెప్పింది. రూపాయి మళ్లీ భరిణెలో పెట్టుకుంది.

తిరుగు బస్సుకి ఇంకా టైముంది. విజిటర్ సెంటర్ దగ్గర కూర్చుని ఆ ఎస్టేటు తోటల్లో పండిన ఆపిల్ రసం తాగాం. అమ్మ మనసు మళ్లించాలని ఇక్కడి గడియారాల కథ చెప్పాను. ఏడో ఎడ్వర్డ్‌కి వేట పిచ్చి. చలికాలం పగలు సరిపోవడం లేదని ఎస్టేటులో గడియారాలన్నీ అరగంట ముందుకి తిప్పించాడు. శాండ్రింగ్‌హామ్ టైమ్ అనేవాళ్లు. కొడుకు ఐదో జార్జీ దాన్నే కొనసాగించాడు. 1936లో ఆయన పోగానే ఎనిమిదో ఎడ్వర్డ్ ఆ పద్ధతి తీసేశాడు. అమ్మ చూపుడు వేలితో గాల్లో లెక్క వేసింది. రోజూ మా పిన్నికి ఫోన్ చెయ్యడానికి ఆవిడ వేసే లెక్కే అది. "చలికాలంలో మనకీ వీళ్లకీ ఐదున్నర గంటలంటావుగా. అరగంట ముందుకి జరిపితే సరిగ్గా ఐదు. ఆ గడియారం ఉంటే నాకు సుళువుగా ఉండేది" అంది. ఆ లెక్క నాకెప్పుడూ తట్టలేదు. ఎక్కడా చదవనూ లేదు.

దీపావళికి ఆ రూపాయి లక్ష్మీదేవి పటం ముందు పెట్టింది. డిసెంబర్ వచ్చేసరికి, "ఇల్లు చూశాం. ఇప్పుడున్న రాజుగారిని కూడా చూద్దామా?" అని అడిగింది.

క్రిస్మస్ రోజు పొద్దున రాజకుటుంబం ఇంటి నుంచి ఆ చర్చికి నడిచి వెళ్తుంది. దారి పక్కన నిలబడి ఎవరైనా చూడొచ్చు. టికెట్ లేదు. కానీ ఆ రోజు ఈ దేశంలో రైళ్లు నడవవు. బస్సులూ దాదాపు అంతే. కారు ఉండాలి, లేదా ముందు రోజే దగ్గర్లో ఎక్కడైనా గది తీసుకోవాలి. మా ఆయన కారు తీశాడు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. అమ్మకి రెండు థర్మల్స్, చీర, స్వెట్టర్, పైన నా పెద్ద కోటు, తలకి మంకీ క్యాప్. డబ్బాలో పులిహోర, ఫ్లాస్కులో కాఫీ. మడత కుర్చీ ఒకటి తప్పనిసరిగా పట్టుకెళ్లండి. మేము మర్చిపోయాం.

మేం వెళ్లేసరికే చీకట్లో వరస ఉంది. దుప్పట్లు కప్పుకుని, చిన్న చిన్న లైట్లు పెట్టుకుని కూర్చున్నారు. ఏటా వచ్చేవాళ్లు చాలామంది, ఒకరికొకరు తెలుసు. అమ్మ నిలబడి ఉండటం చూసి, ముందున్న ఒక పెద్దావిడ లేచి తన కుర్చీ ఇచ్చింది. వద్దంటున్నా వినలేదు. అమ్మ పులిహోర పెట్టింది. ఆవిడ మిరపకాయ ఏరకుండా తినేసి, కళ్లలో నీళ్లతోనే చాలా బాగుందంది. ఇంగ్లండ్‌లో ఎనిమిది వరకూ సరిగ్గా తెల్లారదు ఆ రోజుల్లో. తెల్లారాక పోలీసులు సంచులు వెతికి లోపలికి పంపారు. భరిణె తెరిచి చూపిస్తే, ఆ అమ్మాయి రూపాయిని తిప్పి చూసి, "ఇది ఐదో జార్జి కదా!" అని పక్కనున్న పోలీసాయనకి కూడా చూపించి, రెండు చేతులతో అమ్మకి తిరిగి ఇచ్చింది. ఆ రెండు చేతుల మర్యాద అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

పదకొండు గంటల ప్రార్థనకి కొంచెం ముందు జనంలో కదలిక వచ్చింది. రాజుగారు చార్లెస్ ముందు, వెనక కుటుంబం. ఆయన కోడలు కేట్ ఆకుపచ్చ కోటు, గళ్ల మఫ్లర్, పక్కన పిల్లలు. మా ముందు నుంచి దాటడానికి ఎంతసేపో పట్టలేదు. ఆరేడు గంటలు నిలబడింది ఆ కాసేపటి కోసమే. కానీ అమ్మ ముఖంలో తొందర లేదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో రాజుగారికి క్యాన్సర్ అని ప్రకటించారు. మార్చిలో కేట్ తనకీ క్యాన్సరని వీడియోలో తనే చెప్పింది, సెప్టెంబర్లో కీమో పూర్తయిందని కూడా తనే చెప్పింది. అమ్మకి అవన్నీ తెలుసు, టీవీ9లో చూసింది. "నడక తేలిగ్గానే ఉంది" అంది రాజుగారిని చూసి. ఇంటికి దూరమైన చుట్టాన్ని ఆసుపత్రి నుంచి వచ్చాక చూసినట్టు అంది.

ప్రార్థన అయి బయటికొచ్చాక వాళ్లు జనం దగ్గర ఆగి మాట్లాడారు, పిల్లలు పువ్వులు తీసుకున్నారు. అది మాకు కొంచెం దూరంగా జరిగింది. అమ్మ అటు చూడటం లేదు. చర్చి పక్కన సమాధుల వైపు చూస్తోంది. ఆ రోజు అటు వెళ్లనివ్వరు. మా పక్కనున్న ఆవిడ అర్థం చేసుకుని, ఎవరైనా తెలిసినవాళ్లా అని అడిగింది. నేను జాన్ అని చెప్పాను. ఆవిడ అమ్మ భుజం మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంది.

ఇంటికొచ్చి వేడినీళ్ల స్నానాలు చేసి, మూడింటికి టీవీ పెట్టాం. రాజుగారి క్రిస్మస్ సందేశం ఆ టైముకే వస్తుంది. 1932లో మొట్టమొదటి సందేశం రేడియోలో చదివింది మా రూపాయి మీదాయనే, ఆ శాండ్రింగ్‌హామ్ ఇంట్లో కూర్చునే. ఈసారి చార్లెస్ గారు లండన్లో ఒకప్పటి ఆసుపత్రి ప్రార్థనా మందిరంలో నిలబడి మాట్లాడారు. తననీ, తన కుటుంబంలోవాళ్లనీ జబ్బులో కనిపెట్టుకుని చూసిన డాక్టర్లకీ నర్సులకీ కృతజ్ఞతలు చెప్పారు. నేను తెలుగులో చెబుతుంటే అమ్మ ఆపి, ఆ ముక్క ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. "వీళ్ల ముత్తాత చెప్పలేకపోయాడు. ఈయన ఊరందరికీ చెప్పాడు" అంది.

ఫిబ్రవరిలో అమ్మ తణుకు వెళ్లిపోయింది. రూపాయి భరిణె కూడా వెళ్లింది. వెళ్లిన వారానికి వీడియో కాల్ చేసింది. పాత ట్రంకుపెట్టె అడుగున స్కూల్ గ్రూప్ ఫొటో ఒకటి దొరికిందట. రెండో వరసలో చివర మావయ్య ఉన్నాడట. స్టూడియోలో ఆ ముఖం ఒక్కటీ పెద్దది చేయించి ఫ్రేము కట్టించింది. ఫోన్ తిప్పి చూపించింది. హాల్లో, తలుపు తీయగానే కనపడే గోడ మీద ఉంది. కొంచెం మసగ్గా ఉంది గానీ పెదవులు అచ్చం అమ్మవే.

"వచ్చినవాళ్లంతా ఎవరని అడుగుతున్నారు. మా తమ్ముడని చెబుతున్నా" అంది.